ఎదురుమాటల గది

పెద్ద వరద వచ్చిన మరుసటి ఏడు జరిగింది ఇది. మళ్ళీ వానాకాలమే.

మతం మీద, తత్త్వం మీద మూడు నెలలకోసారి వెలువడే పత్రిక ఒకటి ఉండేది. యాభయ్యేళ్ళు నిండాయని సంపాదకుడు దాని చరిత్ర రాసి ప్రత్యేక సంచికగా అచ్చు వేయించాడు.

సాయంత్రం ఆఫీసు మూసే వేళకు ఒక ముసలాయన తడిసి వచ్చాడు.

బల్ల మీది ఆ సంచిక తీసి నిలబడే చదివాడు. బంట్రోతు తాళాలు పట్టుకుని ఎదురుగా నిలుచున్నాడు.

ముసలాయన వేలు ఒకచోట ఆగింది.

"ఎదురుమాట రాసేవాడు వరదలో పోయాడని వేశారే. ఎవరు చూశారు?"

ఆ పత్రికలో ఏ వ్యాసం వచ్చినా దాన్ని ఖండిస్తూ చివరి పేజీలో ఎదురుమాట ఉండాలి. నలభయ్యేళ్ళు అది ఒక్కడే రాశాడు. పేరు లేదు, ఊరు లేదు. టపాలో కవరు వచ్చేది. లోపల కాగితం మీద మొదటి మాట కింద రెండు ఎర్ర గీతలుండేవి. సగంమంది ఆ పేజీ కోసమే పత్రిక కొనేవాళ్ళు.

"చూడ్డం ఎందుకండీ? వరద నాటి నుంచి కవరు లేదు," అన్నాడు బంట్రోతు.

"బతికే ఉన్నాడేమో."

"అచ్చయిపోయిందిగా. ఇప్పుడు బతికొస్తే మా అయ్యగారికి చిక్కు."

ముసలాయన నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది.

కిటికీలోంచి ఏరు కనిపిస్తోంది. పొద్దున ఉన్న రేవు మెట్లు ఇప్పుడు లేవు.

తన పాక గట్టు కిందే ఉందని, ఈ ఒక్క రాత్రికి లోపలి గదిలో తల దాచుకోనిమ్మని అడిగాడు. బంట్రోతు కుదరదన్నాడు.

"అందులో ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు. ఆయన రాసిన కాగితాల కట్టలున్నాయి. మహానుభావుడి రాత. తడి మనిషిని పెడితే చెమ్మ పడుతుంది పెద్దాయనా."

ముసలాయన ఆ తలుపు వంక కాసేపు చూశాడు.

"బాగానే దాచారు," అన్నాడు.

రొండిన దోపుకున్న కవరు తీసి బల్ల మీద పెట్టి వానలోకి దిగాడు. సాయం కోరే అర్జీ కాబోలనుకుని బంట్రోతు దాని మీద సిరాబుడ్డి పెట్టి, తాళం వేశాడు.

తెల్లారేసరికి గట్టు లేదు. గట్టు కింద ఇళ్ళూ లేవు.

బంట్రోతు ఆఫీసు తెరిచి కవరు చించాడు.

మూడో తరగతి చదువు వాడిది. కూడబలుక్కోవాల్సిన పని లేకపోయింది.

లోపలి గది తాళం తీశాడు, కట్టలన్నీ గోడవారకు జరిపాడు, ఒక మనిషి పడుకునేంత మేర చాప పరిచి, రెండు ఎర్ర గీతలున్న ఆ కాగితాన్ని తలవైపు పెట్టాడు.