ఆదివారం సంగటి

"వచ్చినాడప్పా మహారాజు!" అని కిటికీలోంచి చూస్తూ పళ్ళు నూరాడు జయరావు.

హాస్టలు గేటు దగ్గర తలపాగా పెద్దాయన. చేతిలో గుడ్డమూట. ప్రతి ఆదివారమూ రేణిగుంట నుంచి వస్తాడు.

పెంచలయ్య పరుగున ఎదురెళ్ళాడు.

అది 1946. తిరుపతిలో కాలేజీ పిల్లల కోసం ఎవరో దాత కట్టించిన ఆ హాస్టలులో హరిజన విద్యార్థులు ఇద్దరే. జయరావు, పెంచలయ్య. ఇద్దరూ ఆ ఏడే చేరారు. ఇద్దరికీ కలిపి చివరి గది. భోజనం మాత్రం అందరితో కాదు, వెనక వసారాలో.

జయరావు తండ్రి ఒక ఆసామి దగ్గర జీతగాడు. ఆసామి వదిలితే గదా కొడుకును చూడ్డానికి! ఆరు నెలలైనా ఒక్కసారీ రాలేదు.

ఈ పెంచలయ్య నాయన చూడండి! వేపచెట్టు కింద కూర్చోబెట్టుకొని, సంగటి తుంచి, ఊరుబిండి పచ్చడి అద్ది చేతిలో పెడతాడు. "క్లాసులో నీ పక్కన ఎవురన్నా కూసున్నారా నాయనా?" అని అడుగుతాడు.

జయరావు కడుపు మండిపోయింది. అసూయకు ఆకలి తోడైతే ఇంక చెప్పేదేముంది!

"నువ్వూ రా నాయనా, నీకూ ఉండాది," అని పెద్దాయన కేకేశాడు.

"మాకూ ఉండారు తెచ్చేవాళ్ళు!" అని జయరావు కిటికీ మూసేశాడు.

ఆనాటి నుంచి పెంచలయ్యతో మాటలు మానేశాడు. వసారాలో వాణ్ణి వదిలి, తన పళ్ళెం గదిలోకి తెచ్చుకొని తినేవాడు. అయినా మంట చల్లారలేదు. పోయి వార్డెను చెవిలో వేశాడు.

"సార్, ఎవరో బయటి మనిషి వారం వారం లోపలికొస్తా ఉండాడు."

తర్వాతి ఆదివారం వార్డెను గేటు దగ్గరే కసిరాడు. "మళ్ళీ ఈ ఛాయల కనిపిస్తే ఆ పిల్లవాణ్ణి కూడా వెళ్ళగొడతా!"

పెద్దాయన మూట పట్టుకొని వెనక్కు తిరిగాడు. మళ్ళీ రాలేదు.

జయరావుకు ఆ పూట అన్నం రుచిగా అనిపించింది.

నెల తిరక్కుండానే పెంచలయ్య ట్రంకుపెట్టె సర్దుకున్నాడు.

"యాడికి?" జయరావు ఉండబట్టలేక అడిగాడు.

"ఊరికి పోతాండానన్నా. ఒంటిగా కూసోని తినాలంటే ముద్ద దిగడం లేదు."

"మీ నాయన రాకుంటే సదువే మానేస్తావా?"

పెంచలయ్య వింతగా చూశాడు.

"మా నాయనా? నాకు నాలుగేండ్లప్పుడే పోయినాడే!"

"మరి ఆయనెవురు?"

"రేణిగుంట శాంతయ్య. నాకు సుట్టం గాదు, పక్కం గాదు. ఎప్పుడూ రెండు ముద్దలు తెచ్చేటోడు, ఒకటి నీకని. నువ్వు రాకుంటే దాన్ని అట్లే మూటగట్టుకొని పోయేటోడు."

జయరావు వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"మనకెందుకు తెచ్చేటోడు?"

"తెలిస్తే నీకు ఈ గదిలో నిద్ర పట్టదని, చెప్పొద్దన్నాడు." పెంచలయ్య పెట్టె ఎత్తుకున్నాడు. "మనకు ముందు ఈ గదిలో ఒక్కడే ఉండి, ఆ వసారాలో ఒక్కడే తినలేక, రైలు కింద పడిన పిల్లోడు ఆయన కొడుకేనన్నా."