మొదటి పేరు

ఎంటర్ నొక్కి ప్రీతి చాయ్ తాగడానికి పోయింది. కనీసం ఒక్క మెసేజ్ చూసుకొని పోవాల్సింది. కానీ కళ్లు మూతలు పడుతున్నాయి. తండ్రి ఇశ్రాయేలు నడుము పట్టేసి మంచంలో ఉన్నాడు. తెల్లార్లూ మూలుగే. ఇంట్లో ఇప్పుడు ఆమె ఉద్యోగం తప్ప ఇంకో ఆధారం లేదు.

చార్మినార్ వెనక గల్లీలో వైకుంఠం గారి చీరల హోల్‌సేల్ దుకాణం. పైన ఇల్లు, కింద దుకాణం. ప్రీతి అక్కడ కంప్యూటర్ ఆపరేటర్. కొత్త సరుకు దిగినప్పుడల్లా గిరాకీలందరికీ పేరు పేరునా మెసేజ్ పంపాలి. మొదట్లో ఒక్కొక్క పేరూ కొట్టి పంపేది. సాయంత్రానికి వేళ్లు కొయ్యబారేవి. ఆ బాధ పడలేక ఫోన్‌లో వీడియోలు చూసి పైథాన్ అనే కంప్యూటర్ భాషలో లూప్ రాయడం నేర్చుకుంది. ఒక్కసారి రాసిపెడితే చాలు. జాబితాలో ఎన్ని పేర్లుంటే అన్నిసార్లు అదే తిరుగుతుంది, అదే పంపుతుంది.

వైకుంఠానికి అదంతా గారడీలా కనిపించింది. రోజూ స్టూలు లాక్కొని పక్కన కూర్చునేవాడు.

“ఈ లైను ఏంది బిడ్డా, జరిగి లోపలికి కూసుంది?”

“అది పేరు తీస్కునే లైను సేఠ్. లూప్ లోపలుంటే తిరిగినప్పుడల్లా కొత్త పేరు తీస్కుంటది.”

“మరి బయట వెడితే?”

“మొదటి పేరే పట్టుకొని కూసుంటది. అందరికీ అదే పేరుతోని పోతది. ఉన్న పరువు పోతది.”

మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. చెప్పిందే చెప్పీ చెప్పీ ప్రీతికి విసుగు పుట్టేది. ఈయన కంటే లూప్ నయం, అదన్నా ఎక్కడో ఒకచోట ఆగుతుంది.

జాబితాలో మొదటి పేరు ఆయన భార్య విమలాదేవిది. ఏ పనైనా ఇంటి లక్ష్మి పేరుతోనే మొదలుకావాలని ఆ ఇంటి ఆనవాయితీ. ఉగాదికి ముందు మొగుడితో లొల్లి పడి ఆమె ఛత్రినాకలో చెల్లెలింటికి వెళ్లిపోయింది. మనిషి పోయినా పేరు అక్కడే ఉంది. తీసెయ్యమని ఆయన అనలేదు. అడిగే ధైర్యం ప్రీతికి లేదు. వైకుంఠం కోపం గల్లీ అంతటికీ తెలుసు. ఒక్క చీర రేటు తప్పు కొట్టాడని పాత ఆపరేటర్‌ను ఉన్నపళంగా పంపించేశాడు. ఇక తనదే తప్పని ఒప్పుకోవడమా? ఆ మాట ఆయన నోట విన్న పాపాన ఎవరూ పోలేదు.

నిన్న సాయంత్రం మాత్రం మెసేజ్‌లో మన్నించమని ఒక ముక్క కలపమన్నాడు. “గిరాకీ ముంగట తల వంచితే ఏం పోదు బిడ్డా. వ్యాపారం గట్లనే ఉంటది.” ప్రీతి కలిపింది, ఇంటికి పోయింది.

ఇప్పుడు చాయ్ తాగి వచ్చేసరికి వైకుంఠం దగ్గరే సరుకు కొనే పక్క దుకాణం గుండయ్య గుమ్మంలో నిలబడి పొట్ట పట్టుకొని నవ్వుతున్నాడు.

“ఏం వైకుంఠం, వదినెను పిల్వనీకె నాకెందుకు మెసేజ్ వెట్టినవ్?”

ఫోన్ ఎత్తి గల్లీకంతా వినపడేలా చదివాడు. “‘విమలాదేవి గారూ, మీరు రాక చాలా రోజులైంది. మా వల్ల తప్పు జరిగితే మన్నించండి. తప్పక దయచేయండి.’ వారెవ్వా!”

ప్రీతి పరుగున పోయి కంప్యూటర్ చూసింది. పేరు తీసుకునే లైను లూప్ బయట ఉంది. మెసేజ్‌లన్నీ వెళ్లిపోయాయి. కరీంనగర్ షాపులకూ, వరంగల్ షాపులకూ, పాతబస్తీలో ఉన్న గిరాకీలందరికీ విమలాదేవి పేరుతోనే వెళ్లాయి.

ఫోన్ మోగడం మొదలైంది. ఒకరు విమలాదేవి ఎవరని అడిగారు. ఇంకొకరు, “క్యా సేఠ్, భాభీ నారాజ్ హై క్యా?” అని వదిన అలక మీద పరాచికాలాడారు. వైకుంఠం గల్లా దగ్గర తల వంచుకొని కూర్చున్నాడు. అరిచినా బాగుండేది.

“నేను లోపల్నే వెట్టిన సేఠ్. ఒట్టు. ఎట్ల బయటికొచ్చిందో...”

“కూసో,” అన్నాడు. అంతే.

ఆమె కూర్చోలేదు. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. నాన్న మందులు గుర్తొచ్చాయి. మళ్లీ ఎన్ని దుకాణాలు తిరగాలో. తిరిగే ఓపిక కూడా లేదు.

అప్పుడే గల్లీ మొగలో ఆటో ఆగింది. బట్టల సంచితో విమలాదేవి దిగింది. గుండయ్య నవ్వు ఆగిపోయింది.

“ఆ దినం గిరాకీల ముంగట ‘నీకేం తెల్వదు, లోపలికి నడువు’ అన్నవ్,” అంది ఆమె గుమ్మంలోనే నిలబడి. “నలుగురిల తిట్టినోడు నలుగురిల పిలుస్తెనే వస్తనని పోయిన. నా పేరుతోని మెసేజ్ వచ్చిందని అందరు నాకే ఫోన్ చేస్తున్నరు. నువ్వు ఊరందరి ముంగట పిలిచినవ్. ఇగ రాకుంటె బాగుండదు.”

అది పొరపాటున పోయిన మెసేజ్ అన్న నిజం ప్రీతి నాలుక చివరికొచ్చింది. వైకుంఠం లేచి, గల్లా పక్కన ఉన్న ఖాళీ కుర్చీని తన కండువాతో తుడుస్తున్నాడు. ప్రీతి నిజాన్ని మింగేసింది.

విమలాదేవి సంచి తీసుకొని మేడ మీదికి వెళ్లింది. ప్రీతి కళ్లు తుడుచుకుంటూ గల్లా దగ్గరికి వచ్చింది.

“రేపటిసంది రావద్దా సేఠ్?”

వైకుంఠం మెట్ల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

“పొద్దుగాల జల్ది రా బిడ్డా, నిన్న నువ్వు పోయినంక నేను బయటికి గుంజిన లైనును మల్ల లోపట వెట్టాలె.”