మూడు దాటాక

ఏడుపు వినిపించకపోవడంతో హిమజకు మెలకువ వచ్చింది. నాచారం ఆసుపత్రి గదిలో గడియారం నాలుగున్నర చూపిస్తోంది. ఇరవై రోజుల కొడుక్కి ఏడింటికి హెర్నియా ఆపరేషన్. మూడు దాటాక చుక్క పాలు కూడా పట్టొద్దని, కడుపులో పాలుంటే మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతాయని మత్తు డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.

మూడు దాటినప్పటినుంచీ గుక్కపట్టి ఏడ్చినవాడు ఇప్పుడు అత్త సత్తమ్మ భుజం మీద హాయిగా నిద్రపోతున్నాడు. మౌలాలి వైపు గూడ్సు బండి కూత వేసినా కదల్లేదు.

"ఏం పట్టినవ్ అత్తమ్మా?"

"నేనేం పడ్త బిడ్డా? సక్కెర నీళ్లు గూడ పట్టలే. నీ పక్కలకెల్లి ఇప్పుడే తీస్కున్న."

హిమజ నమ్మలేదు. లేచి వాడి మూతి దగ్గర వాసన చూసింది. పాల వాసన. పెదవి చివర ఇంకా తడిగా ఉంది.

నిద్రమత్తులో పొరపాటు జరగకూడదని మూడింటికి మెడ దాకా లాక్కున్న నైటీ జిప్పు మీదికి ఆమె చెయ్యి వెళ్లింది. జిప్పు తెరిచి ఉంది.

నర్సు తలుపు తోసింది. "మూడు తర్వాత ఏం పట్టలే గదమ్మా?"

"చుక్క గూడ పట్టలే సిస్టర్," అంది సత్తమ్మ, కోడలి వైపు చూడకుండా.

హిమజ నోరు తెరిచింది. మాట వచ్చేలోపు పసివాడు మెల్లగా త్రేన్చాడు.