గుండ్రటి కన్నం

"ఆ గుంజ పాతితే దాంతోపాటు నన్నూ పాతెయ్యరా" అంది ఇయోనా పిన్ని, నేను తవ్వుతున్న గొయ్యి అంచున నిలబడి.

పక్కనే ఇసుకలో కొత్త బోర్డు. 'కరీబియన్ తీరాన ఖాళీగా పడివున్న ఈ చోట మొట్టమొదట ఊరు కట్టినవాడు కెప్టెన్ హార్ట్‌రీ.'

"అది చరిత్రమ్మా" అన్నాడు రాజధాని నుంచి బోర్డు తెచ్చిన ఆఫీసరు.

"ఏం చరిత్ర? ఆయన నీడపట్టున కూర్చుంటే, గొలుసులతో ఓడ దిగిన మావాళ్లు అడవి కొట్టి ఊరు కట్టారు. మొట్టమొదట మావాళ్లు అని రాయించు."

నా పారకి ఏదో తగిలింది. నడుము లోతు మట్టిలోంచి శంఖం తీసి పైకి విసిరాను. నలభై ఏళ్లుగా శంఖాల మాంసం అమ్ముకుని బతుకుతున్న పిన్ని దాన్ని తిప్పి చూసి, అందులో వేలు పెట్టి తడిమింది.

"ఏంటి పిన్నీ?"

"మాంసం లాగడానికి మనం ఇనప కత్తితో సన్నటి చీలిక పెడతాం. దీనికి గుండ్రటి కన్నం ఉంది. ఇంకో శంఖం మొనతో కొట్టిన కన్నం ఇది. ఈ తీరానికి ఇనుమే రాకముందు ఎవరో తిన్నారు."

ఆఫీసరు నవ్వాడు. "అంటే మీవాళ్లూ మొదటివాళ్లు కాదన్నమాట."

"కాదు." పిన్ని గొంతు తగ్గింది, కోపం తగ్గలేదు. "మమ్మల్ని తెచ్చింది మీ కెప్టెను. మరి వీళ్లని ఏం చేశాడు?"



పిన్ని నా చేతిలో పార లాక్కుని, బోర్డు మీద 'మొట్టమొదట' అన్న మాటని గీకెయ్యడం మొదలుపెట్టింది. ఇందాక మా కోసం అడిగిన మాటే అది.