చెవిలో మాట

సూరత్‌లోని అరవై ఏళ్ల బడి అది. తెలుగు మీడియం ఎత్తేస్తున్నారని తెలిసి తల్లిదండ్రులు గేటు ముందు గుమిగూడారు. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికుడు నరహరి ఒక్కడే గోడ దూకి హెడ్‌మిస్ట్రెస్ కోమలి గదిలోకి చొరబడ్డాడు.

ఆమె భుజం పట్టి గుంజి, చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. “రాళ్లు తెచ్చిండ్రు మేడమ్. మీ తల పగులుతది. జల్ది ఎల్లిపోండ్రి.”

కోమలి బల్ల మీది ఇత్తడి గంట ఎత్తి అతని కణత మీద కొట్టింది. పట్టు వదలకపోతే మళ్లీ కొట్టింది. నరహరి రక్తం కారుతూ కూలబడ్డాడు.

ఆ బడిలోనే తొమ్మిదో తరగతి చదివే అతని కూతురు పరుగున వచ్చి, తండ్రి తలను చున్నీతో అదిమిపట్టింది.

“మీద పడి అరిస్తే ఏం చేయమంటావు?” అంది కోమలి.

“మా నాయినకు సాంచాల మోతల చెవులు పోయినయి మేడమ్. కార్ఖానల అందరు గిట్లనే భుజం పట్టి చెవుల చెప్తరు. బయటోళ్లకు ఇనపడకుంట మెల్లగనే చెప్పిన్నని అనుకుంటుండు.”

అతను ఆమెను హెచ్చరించిన అరుపు గేటు బయట అప్పటికే అందరూ విన్నారు.

“నరహరీ, బయటికి రా” అన్నారెవరో.

ఆ పిలుపు అతనికి వినపడలేదు. కిటికీ పగలగొట్టుకొచ్చిన మొదటి రాయి మాత్రం అతనికే తగిలింది.