తొమ్మిదా, నలభై అయిదా

“ఇంకోసారి చెప్పండి మాష్టారూ. తొమ్మిదా, నలభై అయిదా?”

అచ్చిబాబు అలా అడగడం అది మూడోసారి. రాజేంద్ర విసుక్కోలేదు. పదిహేడేళ్లు సైన్యంలో పనిచేసి, ఇప్పుడు బహ్రెయిన్‌లో ఒక సెక్యూరిటీ కంపెనీలో తుపాకీ నేర్పుతున్న శ్రీకాకుళం మనిషి ఆయన. బల్ల మీద రెండు పిస్తోళ్లు పక్కపక్కన పెట్టి, ఆ అంకెలు గుండు లావును చెబుతాయంటూ మళ్లీ మొదటికి వచ్చాడు. తొమ్మిది మిల్లీమీటర్లది సన్నం, ఒకేసారి పదిహేను గుండ్లు పడతాయి. నలభై అయిదు అంటే అంగుళంలో వందో వంతుల లెక్క, అది లావు, ఏడే పడతాయి, కాల్చిన ప్రతిసారీ చెయ్యి పైకి ఎగురుతుంది.

“తగిలిందంటే మాత్రం మనిషి లేవడు కదండీ?”

“తగిలితే,” అన్నాడు రాజేంద్ర.

తమవి పొద్దున లేస్తే పనిలో ఉండే చేతులనీ, అంత తేలిగ్గా ఎగరవనీ అచ్చిబాబు చెప్పుకున్నాడు. రాజేంద్ర నవ్వి ఒక ఫారం ఇచ్చాడు. ఏ పిస్తోలో అందులో రాసి శనివారంలోగా ఇవ్వాలి. నెలనాళ్లుగా రెండింటితోనూ నేర్పారు, ఇక రాసినదానితోనే పరీక్ష. పాసయితే ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అదే కోటు కింద ఉండాలి. ఫెయిలయితే ఏడాది దాకా మళ్లీ రావడానికి లేదు.

అక్కడే మహూజ్ అనే పేటలో ఒక నగల వ్యాపారి ఉన్నాడు. ఆయన భార్య పెళ్లిళ్లకూ విందులకూ వెళ్లేటప్పుడు, చూసేవాళ్లకు తెలియకుండా తుపాకీతో వెంట ఉండే ఉద్యోగం అది. అచ్చిబాబును ఊరించింది జీతం కాదు. దానితోపాటు భార్యాభర్తలు కలిసి ఉండడానికి గలాలీలో రెండు గదుల ఇల్లు ఇస్తారు. అతను జిదాఫ్స్ క్యాంపులో మరో ఏడుగురితో ఒకే గదిలో ఉంటూ, కట్టడాల్లో ఇనుప చువ్వలు కట్టే పని చేస్తున్నాడు. భార్య సాయికుమారి ఆ నగల వ్యాపారి ఇంట్లోనే పని చేస్తూ, వంటింటి పక్క గదిలో పడుకుంటుంది. నాలుగేళ్లుగా ఒకే దేశంలో ఉన్నా, శుక్రవారం రెండు గంటలు టీకొట్టులో ఎదురెదురుగా కూర్చోవడమే వాళ్ల కాపురం. మొన్న ఆమెకు జ్వరం వస్తే అచ్చిబాబు ఫోనులోనే నుదురు చూసి, తగ్గినట్టే ఉందని ధైర్యం చెప్పాడు.

పరీక్షకు పేరిచ్చిన నాటినుంచి అతనికి తిండి సయించడం లేదు.

క్యాంపులో సంగతి చెబితే తలా ఒక మాట అన్నారు. పక్క మంచం లింగన్నది జగిత్యాల వైపు. ఇరవై ఏళ్లుగా గల్ఫులో ఉన్నానంటాడు కానీ తుపాకీని పోలీసు నడుము దగ్గర తప్ప చూసినవాడు కాదు.

“పెద్దదే రాయన్నా. ఒక్కటి తాకిందంటే ఖలాస్.”

ఆ మాట అచ్చిబాబుకు నచ్చింది. అయినా బరువెంతో తెలియాలి కదా అని లింగన్న దగ్గర చలికోటు అడిగి తొడుక్కుని, నడుముకు కిలోన్నర సుత్తి దోపి, గదిలో అటూ ఇటూ నడిచాడు. నాలుగో అడుగులో సుత్తితోపాటు ప్యాంటు కూడా కిందికి జారింది. ఆ సాయంత్రం క్యాంపులో వేరే ముచ్చట లేదు. అంత జరిగినా ఫారంలో నలభై అయిదు అనే రాసుకున్నాడు.

శుక్రవారం టీకొట్టులో సాయికుమారి ఆ ఫారం చూసింది. పరీక్షలో ఎన్ని గుండ్లు కాల్చాలని అడిగింది. ముప్పై అన్నాడు. ఇరవై నాలుగు తగలాలి.

“ఏడేడు చొప్పున నింపుకుంటూ కూర్చుంటే టైము అయిపోద్దండి. తొమ్మిది రాయండి.”

“మరీ చిన్నదేమోనే.”

“మనం కాల్చేది కాగితాన్నండి. ఏనుగుని కాదు.”

అచ్చిబాబు టీ చల్లారేదాకా ఆలోచించాడు. నలభై అయిదు కొట్టేసి తొమ్మిది రాశాడు. అది కొట్టేసి మళ్లీ నలభై అయిదు రాశాడు. సాయికుమారి పెన్ను లాక్కుని, మిగిలిన కాస్త చోటులో తొమ్మిది వేసి, ఫారం మడిచి అతని జేబులో పెట్టింది.

మరుసటి శుక్రవారం పొద్దున్నే ఇద్దరూ ఊరి చివరనున్న కంపెనీ షెడ్డుకు చేరారు. సాయికుమారి ఇంట్లో మేడం దగ్గర సెలవు తీసుకుంది. చప్పుడుకు ఇద్దరి చెవులకూ మూతలు పెట్టారు. రాజేంద్ర ఫారం వెలుతురుకు పట్టి చూసి, చివరికి ఖాయమైంది ఏదని అడిగాడు. తొమ్మిదేనని అచ్చిబాబు రెండుసార్లు చెప్పాడు.

బజరు మోగింది.

పిస్తోలు బయటికి తీయడంలోనే కోటు అంచు అడ్డుపడింది. మొదటి గుండు కాగితం దరిదాపులకు కూడా పోలేదు. రెండోదీ అంతే. అచ్చిబాబుకు గలాలీ ఇల్లు కళ్ల ముందే కూలిపోతున్నట్టు అనిపించింది. మూడోది తగిలింది. ఆపైన చప్పుడు వరసగా, ఒకే తూకంలో సాగింది. పేలిన ప్రతిసారీ అతని భుజాలు ఎగిరిపడ్డాయి. పదిహేను అయ్యాక గుండ్లు మార్చేటప్పుడు ఊపిరి బిగపట్టాడు. చివరి పది పేలుతుంటే కళ్లే మూసుకున్నాడు.

చప్పుడు ఆగింది. రాజేంద్ర కాగితం తెచ్చి, చిల్లుల మీద వేలు పెట్టి నెమ్మదిగా లెక్కపెట్టాడు. ఒకచోట రెండు గుండ్లు ఒకే చిల్లులోంచి పోయాయేమోనని అనుమానం వచ్చి మళ్లీ మొదలుపెట్టాడు.

“ఇరవై ఏడు. పాస్,” అంటూ రాజేంద్ర చెయ్యి చాచాడు.

సాయికుమారి పిస్తోలు కింద పెట్టి ఆ చెయ్యి అందుకుంది.