గుహలోని ప్రతినిధి

అడవిలో నేరేడు పండ్లాట పోటీలు జరుగుతున్నాయి. రెండు జట్లు పొదల చాటు నుంచి పండ్లు విసురుకుంటాయి. పండు తగిలితే ఔట్. ఫైనల్ కుందేళ్లకూ కాకులకూ మధ్య. ఆ ఉదయమే నిర్వాహక సంఘం గుహలో సమావేశమై కొత్త నిబంధన తెచ్చింది: మరక కనబడితేనే ఔట్.

కాకి మీద నేరేడు మరక ఎవరికి కనబడుతుంది? సమావేశం ముగియకముందే కుందేళ్ల నాయకురాలు, తెల్ల కుందేలు, గుహకు పరుగెత్తింది.

"అధ్యక్షా, ఇది ఎవరి నిర్ణయం?"

"సంఘానిది," అంది ఎలుగుబంటి, గుమ్మానికి అడ్డంగా కూర్చుని.

"సంఘంలో ఆడేవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?"

"ఎందుకు లేరమ్మా? ఆటగాళ్ల ప్రతినిధి ఉన్నాడు. పేరు మాత్రం రహస్యం. చెబితే మీరంతా వాడి ప్రాణం తోడేస్తారు."

"పోనీ, ఆ సంగతి ఆయనకైనా తెలుసా?"

"తెలిస్తే పొగరెక్కదూ!"

కుందేలు చెవులు నిమురుకుంది. "అయితే అది నేనే కావచ్చు కదా?"

ఎలుగుబంటి ఆలోచించింది. కాదంటే రహస్యం కొంత బయటపడుతుంది. "కావచ్చు," అంది.

"అయితే కాస్త జరగండి. సమావేశానికి ఆలస్యమైంది."

వెనకే ఉడుత వచ్చింది. "నేనూ కావచ్చు కదండీ?" తర్వాత కోతి, ముంగిస, వాటి జట్లు, చివరికి కాకులూ వచ్చాయి. ఎవరినీ కాదనడానికి వీల్లేకపోయింది. గుహ కిక్కిరిసి, ఊపిరాడక ఎలుగుబంటే ముందు బయటికొచ్చింది.

సమావేశం మైదానంలో, అందరి ముందు జరిగింది. కొత్త నిబంధన రద్దయింది. రద్దు వద్దన్నవి కాకులే. అధ్యక్షుల వారు తమ ఓటు రహస్యమన్నారు, కాకులతోపాటు ఎత్తిన చెయ్యి ఇంకా దించకుండానే.